తెలుగు నోటుబుక్కులో జర్మన్ భాష

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా తిరువూరులో మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు చెప్పవలసినదంతా చెప్పారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం వేరు. మా మనవరాలు హైదరాబాదులో జర్మన్ భాషలో బి.ఎ. చదువుతున్నదని తెలిసిన దగ్గరనుంచి మనలో అయిదారుగురు నన్ను బజారులో ఆపి అడిగారు. "అది చదివితే ఏమొస్తుందండీ?" అని కొందరు, "మా వాడి జర్మనీ వీసాకు పనికొస్తుందా?" అని కొందరు. విడివిడిగా చెప్పే కన్నా అందరికీ ఒకేసారి చెప్పమన్నారు. చెబుతున్నాను.

ముందు వీసా సంగతి తేల్చేస్తాను. యూరప్ భాషలకు ఆరు మెట్లు పెట్టారు. ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2. ఈ లెక్కను కౌన్సిల్ ఆఫ్ యూరప్ వారు 2001లో ప్రచురించారు. జర్మనీలో ఉన్న భర్త దగ్గరకు భార్య వెళ్ళాలంటే 2007 నుంచి సాధారణంగా ఎ1 అడుగుతున్నారు. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 దాకా వెళ్ళాలి. దీనికి యూనివర్సిటీ అక్కరలేదు. మంచి ట్యూషను, పట్టుదల ఉంటే చాలు. మూడు నెలల్లో మొత్తం భాష నేర్పేస్తామని ఒక కోచింగ్ సెంటరు వారు నాతోనే అన్నారు. మూడు నెలల్లో మన ఆఫీసులో ఒక ఫైలు ఈ బల్ల మీద నుంచి ఆ బల్ల మీదకు వెళ్ళేది కాదు, భాష వస్తుందా అని నవ్వుకుని వచ్చేశాను.

యూనివర్సిటీలో చదవడం వేరే సంగతి. అక్కడ భాషతో పాటు ఆ దేశపు సాహిత్యం, చరిత్ర, భాషాశాస్త్రం, అనువాదం చెబుతారు. మన రాష్ట్రం అప్పట్లో ఒకటిగా ఉన్నప్పుడు, 1958లో, హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. 1972లో విదేశీ భాషలను కూడా కలిపి పేరు మార్చారు. మనలో పాతవారు దాన్ని 'సీఫెల్' అనేవారు. 2007లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది, ఇప్పుడు 'ఇఫ్లూ' అంటున్నారు. తార్నాకలో, ఉస్మానియా పక్కనే ఉంటుంది. ఢిల్లీలో జె.ఎన్.యు. ఉన్నది. అక్కడ బి.ఎ.లో చేరడానికి 2022 నుంచి సి.యు.ఇ.టి. అనే దేశవ్యాప్త పరీక్ష రాయాలి. చాలామందికి తెలియని ముఖ్యమైన విషయం ఒకటుంది. ఈ బి.ఎ.లో చేరడానికి ఆ భాష ముందుగా వచ్చి ఉండనక్కరలేదు. అక్షరాల దగ్గర నుంచే మొదలుపెడతారు. ఫీజు కూడా ఇంజనీరింగు ప్రైవేటు కాలేజీ ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ.

అయినా మా ఇంట్లో పెద్ద రాద్ధాంతమే జరిగింది. "నాన్నా, నలుగురి పిల్లలూ బీటెక్కులు చేస్తుంటే ఇది బి.ఎ. అంటుంది, అదీ ఎవరి భాషో. మనకెందుకు నాన్నా పరాయి భాషలు?" అన్నాడు మా అబ్బాయి. నాకు నవ్వొచ్చింది. 1972లో నేను తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. 2008లో రిటైరయ్యే దాకా పొద్దున లేస్తే నేను రాసింది ఏ భాష? తహసీలు, వసూలు, జప్తు, రద్దు, హాజరు అరబ్బీ మాటలు. దరఖాస్తు, దస్తావేజు, సర్కారు పారశీకం. జమాబందీలో సగం అరబ్బీ, సగం పారశీకం. జులై ఒకటిన కొత్త ఫసలీ మొదలవుతుంది, ఇంగ్లీషు సంవత్సరంలో 590 తీసివేసి వేయాలి అని మా హెడ్ క్లర్కు గారు నేర్పితే నేర్చుకున్నాను. అలా 2025 జులైలో మొదలైంది 1435 ఫసలీ. ఇల్లు కట్టే మేస్త్రీ, బట్టల ఇస్త్రీ, సంతలో అనాసపండు పోర్చుగీసు వారి దగ్గర నుంచి వచ్చినవి. మన పాత జిల్లా కేంద్రం బందరుకు ఫైళ్ళు పట్టుకుని మనమందరం తిరిగినవాళ్ళమే. అక్కడి వలందపాలెం హాలండు వారిది, ఫ్రెంచిపేట, పరాసుపేట ఫ్రెంచి వారివి. 1954 దాకా యానాంలో మన తెలుగువాళ్ళే ఫ్రెంచి ప్రభుత్వపు కాగితాలు నడిపారు. పరాయి భాష లేని రోజు మన ఇళ్ళల్లో ఎప్పుడున్నది? ఇదంతా మా వాడికి చెప్పాను. వాడు ఒప్పుకోలేదు గానీ, హాస్టలు ఖర్చు నా పెన్షనులోంచి ఇస్తానన్న తరువాత ఎదురు చెప్పలేదు.

అసలు చిక్కు చేరిన తరువాత వచ్చింది. మా పిల్ల పదో తరగతి దాకా ఇక్కడే తెలుగు మీడియంలో చదివింది. ఇంటర్ ఇంగ్లీషు మీడియమే అయినా, ఆ ఇంగ్లీషు పరీక్షకు సరిపోయేదే తప్ప మాట్లాడటానికి వచ్చేది కాదు. క్లాసులో జర్మన్‌ను మొదట ఇంగ్లీషులో వివరిస్తారు. ఢిల్లీ నుంచి, కేరళ నుంచి వచ్చిన పిల్లలు గడగడ జవాబులు చెబుతుంటే ఇది వెనక బెంచీలో కూర్చునేది. రెండో నెలలో ఒక రాత్రి ఫోను చేసి, "తాతయ్యా, నాకు ఇంగ్లీషే సరిగ్గా రాదు, దాని మీదుగా జర్మన్ ఎక్కడ వస్తుంది? వచ్చేస్తాను" అని ఏడ్చింది. పక్కనుంచి మా అబ్బాయి, "రమ్మను, బీటెక్కు మేనేజ్‌మెంటు సీటు ఇంకా ఉంది" అంటున్నాడు.

నాకు జర్మన్ అక్షరం ముక్క రాదు. కానీ ఒక మాట అడిగాను. "నీకు కష్టంగా ఉన్నది జర్మనా, ఇంగ్లీషా? క్లాసులో చెప్పిన వాక్యం ఒకటి తెలుగులోకి మాటకు మాట మార్చి నాకు చదువు." కాసేపు ఆగి చదివింది. 'ఇష్ హాబె గెస్టెర్న్ ఇన్ విజయవాడ ఐన్ బూహ్ గెకౌఫ్ట్'. ఇష్ అంటే నేను. హాబె అనేది సహాయక క్రియ, దాన్ని పక్కన పెట్టండి. గెస్టెర్న్ నిన్న, ఇన్ విజయవాడ విజయవాడలో, ఐన్ బూహ్ ఒక పుస్తకం, గెకౌఫ్ట్ కొన్న. "నేను నిన్న విజయవాడలో ఒక పుస్తకం కొన్నాను." మిత్రులారా, వరస చూడండి. మన వరసే! ఇంగ్లీషులో చెప్పాలంటే కొనడాన్ని ముందుకు లాక్కొచ్చి, నిన్నను చివరకు తోయాలి. మా పిల్ల తెలుగులో ఉన్నదాన్ని ఇంగ్లీషుకు తిప్పి, మళ్ళీ దాన్ని వెనక్కు తిప్పి జర్మన్ చేస్తున్నది. తిరువూరు నుంచి మైలవరం వెళ్ళడానికి ఖమ్మం మీదుగా బస్సెక్కినట్టు.

ఆ రాత్రి నుంచి అది ఒక నోటుబుక్కు పెట్టింది. ఎడమ పేజీలో జర్మన్, కుడి పేజీలో తెలుగు. ఇంగ్లీషు లేదు. దసరాకు వచ్చినప్పుడు నాకు చూపించింది. అందులో నాకు నచ్చినవి రెండు మూడు చెబుతాను. జర్మన్‌లో ప్రతి వస్తువుకూ లింగం ఉంటుంది. చెంచా మగ, ఫోర్కు ఆడ, చాకు నపుంసకం. దీనికి తర్కం వెతకవద్దు, బట్టీ పట్టవలసిందే. 'మేట్‌షెన్' అంటే అమ్మాయి, అదీ నపుంసకమే! ఇంగ్లీషు చదివిన పిల్లలు దీనికి నవ్వుతారట. మా పిల్లకు ఆశ్చర్యం కలగలేదు. మనం 'బస్సు వచ్చింది' అంటాం, 'అమ్మాయి వచ్చింది' అంటాం. ఏకవచనంలో అమ్మాయినీ బస్సునూ ఒకే గాట కట్టినవాళ్ళం మనం. (సోదరీమణులు క్షమించాలి, ఇది వ్యాకరణం, నా అభిప్రాయం కాదు.) అలాగే వాళ్ళకు 'డూ', 'జీ' అని రెండున్నాయి. మన నువ్వు, మీరు. ఎవరిని ఎక్కడ ఏమనాలో మన పిల్లలకు ఒకరు నేర్పక్కరలేదు. అయితే మనకు ఉండి వాళ్ళకు లేనిదీ ఒకటున్నది. మనము, మేము అనే తేడా. వాళ్ళకు రెంటికీ ఒకటే 'వీర్'.

హాస్టల్లో దాని గదిలో ఉండే అమ్మాయి జపనీస్ నేర్చుకుంటున్నది. ఆ భాష ఇంకా విచిత్రం. 'వతషి వ తిరువూరు కర విజయవాడ ఎ బసు దె ఇకిమషిత'. 'కర' అంటే నుంచి, 'ఎ' అంటే కు, 'దె' అంటే లో. "నేను తిరువూరు నుంచి విజయవాడకు బస్సులో వెళ్ళాను." విభక్తులు మాట వెనక, క్రియ చివర. ఒక్క మాట జరపనక్కరలేదు. లిపి మాత్రం గుండెలు తీస్తుందట. రష్యన్‌లో 'ఇది ఇల్లు' అనడానికి 'ఎత దోమ్' అంటే చాలు, మనకు లాగే మధ్యలో 'ఈజ్' లేదు. 'నా దగ్గర పుస్తకం ఉంది' అన్నట్టుగానే వాళ్ళూ అంటారు, 'నేను పుస్తకాన్ని కలిగి ఉన్నాను' అనరు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఇంగ్లీషు బాగా వస్తే తప్ప విదేశీ భాష రాదని మన పిల్లలు భయపడి దరఖాస్తే పెట్టడం లేదు. క్లాసు నడిచేదీ పుస్తకాలు దొరికేదీ ఇంగ్లీషులో కాబట్టి ఇంగ్లీషు అవసరమే, కాదనను. కానీ తెలుగు గట్టిగా వచ్చిన పిల్ల చేతిలో ఒక తాళం చెవి ముందే ఉన్నది. అది ఉన్నదని చెప్పేవాళ్ళు లేరు.

మన భాషను నేర్చుకున్న విదేశీయులూ మనలాంటి ఉద్యోగులే. కంపెనీ కొలువుకు వచ్చిన కుర్రాళ్ళకు దేశభాషలు నేర్పడానికి మద్రాసులో 1812లో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టారు. మనకు అకౌంట్ టెస్టు లాగా వాళ్ళకు భాషా పరీక్ష. 1817లో మద్రాసులో దిగిన సి.పి. బ్రౌన్ అక్కడే తెలుగు మొదలుపెట్టాడు, 1820లో కడపకు వెళ్ళాడు, తరువాత మన బందరులోనూ పనిచేశాడు. చాలామంది పరీక్ష పాసై పుస్తకం మూసేశారు. ఆయన మూయలేదు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ వాడుతున్నాం. రిటైరై ఇంగ్లండు వెళ్ళాక 1865లో లండనులో తెలుగు ప్రొఫెసరు అయ్యాడు. పెన్షనర్లు గమనించాలి! వీసాకు నేర్చుకోవడానికీ, యూనివర్సిటీలో చదవడానికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది.

మనవైపు నుంచి ఆ పని తక్కువ జరిగింది. గోర్కీ 'అమ్మ'ను క్రొవ్విడి లింగరాజు గారు తెలుగు చేసింది ఇంగ్లీషు నుంచే. తెల్లదొరల ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. ఆ రోజుల్లో రష్యన్ వచ్చిన తెలుగువాళ్ళు ఎక్కడున్నారు? వృక్షశాస్త్ర పరిశోధనకు యూరప్ వెళ్ళిన ఉప్పల లక్ష్మణరావు గారి వంటివారు తరువాత మాస్కోలో కూర్చుని తెలుగు అనువాదాలు చేశారు. విజయవాడ విశాలాంధ్రలో చవకగా కొనుక్కున్న ఆ అట్ట పుస్తకాలు మనలో చాలామంది ఇళ్ళల్లో ఉన్నాయి. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది. జర్మన్ నుంచి, జపనీస్ నుంచి నేరుగా తెలుగులోకి తేగలవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.

ఇక ఉద్యోగం. దాచకుండా చెబుతాను. బి.ఎ.తో చేతికి వచ్చే ఉద్యోగానికి గ్యారంటీ లేదు. హైదరాబాదు కంపెనీల్లో ఆయా దేశాల ఖాతాదారులతో వ్యవహరించే పనులు, బడుల్లో పాఠాలు, దుబాసీ పని, అనువాదం ఉన్నాయి. ఎం.ఎ. చేసి నెట్ పాసైతే కాలేజీ లెక్చరరు పోస్టుకు అర్హత వస్తుంది. "ఫోనే అన్నీ అనువాదం చేస్తుంటే మనిషెందుకు?" అని మా అబ్బాయి ఇప్పుడు కొత్తగా అడుగుతున్నాడు. ఆ ప్రశ్నలో పస లేకపోలేదు. చిన్నాచితకా అనువాదపు పనులు తగ్గుతాయని దాని టీచర్లే అంటున్నారట. నేను మాత్రం ఆఫీసు లెక్కలోనే ఆలోచిస్తాను. డ్రాఫ్టు ఎవరు రాసినా, దాన్ని చదివి తప్పు పట్టగలవాడు ఒకడు ఉంటే తప్ప సంతకం పెట్టకూడదు. 'మనం వస్తాం' అన్నామా, 'మేము వస్తాం' అన్నామా అన్న తేడా ఇంగ్లీషు మీదుగా వెళితే మాయమవుతుంది. ఆస్పత్రిలో, కోర్టులో ఆ తేడా చిన్నది కాదు.

మా పిల్ల ఇప్పుడు రెండో సంవత్సరం. మార్కులు మధ్యస్థం. ఉచ్చారణ ఇంకా మన యాసేనట. మా అబ్బాయి పూర్తిగా మెత్తబడలేదు. కిందటి నెల మాత్రం ఆఫీసుకు వచ్చిన ఒక జర్మన్ కంపెనీ కాగితం ఫోటో తీసి దానికి పంపి, "ఇదేమిటో చెప్పు" అన్నాడు. అది చెప్పింది. వాడు థాంక్స్ అని ఇంగ్లీషులో పెట్టాడు, అది 'బిట్టె' అని జవాబిచ్చింది. అంతవరకు వచ్చింది మా ఇంటి వ్యవహారం.

సంక్రాంతికి అది వారం రోజులు ఇక్కడే ఉంటుంది. మన సంఘం గదిలో రెండు సాయంత్రాలు కూర్చుని, ఇంటర్ చదివే పిల్లలకు అడ్మిషను వివరాలూ, నోటుబుక్కూ చూపించడానికి ఒప్పుకున్నది. మీ మనవలు, మనవరాళ్ళ పేర్లు కార్యదర్శి గారికి ఇవ్వండి. నోటుబుక్కు ఇంటికి మాత్రం ఇవ్వనంటున్నది, జిరాక్సు తీయించుకోవచ్చు.