తుపాకికి తగిన తూటా



కామవరపుకోట మొదలు బుట్టాయగూడెము వరకు గల మన మెట్ట పల్లెలలో తుపాకి యను మాట క్రొత్తది కాదు. అడవిపందుల వలన పైరు పాడగుచున్నదని నాటుతుపాకిని కోరువారు కలరు. తోటలో ఒంటరిగా కాపురముండుట వలన ప్రాణరక్షణకై రివాల్వరును కోరువారును కలరు. అట్టివారు మొదట సలహా నడుగునది గ్రామమందలి పెద్దలనే. ఆ సలహా యంతయు తుపాకిని గూర్చియే జరుగును. తూటాను గూర్చి ఆలోచించువారు అరుదు. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడినపుడు తుపాకులతో బాటు తూటాలను గూడ పట్టుకొనిపోయెను. తూటా లేని తుపాకి చేతికఱ్ఱ కంటె మేలు కాదు గదా! తగని తూటా గల తుపాకి అంతకంటెను కీడు.

తూటా యనగా నాలుగు వస్తువుల కూటమి: ఇత్తడి గొట్టము, దాని యడుగున రంజకపు టోపీ, లోపల పొగలేని మందు, మూతివద్ద సీసపు గుండు. మీట నొక్కినంతనే సుత్తి దెబ్బకు టోపీ మండి మందును రగిల్చును. మందు వాయువుగా మారి గుండును ముందునకు త్రోయును. ఆ వాయువు ఒత్తిడికి తాళునట్లే ప్రతి తుపాకియు కట్టబడియుండును. కావున ఏ తుపాకికి ఏ తూటాయో తెలియుట మొదటి పాఠము.

మన దేశమున 9 మిల్లీమీటరుల పిస్తోలు, .38, .455 బోరు ఆయుధములు సామాన్య పౌరులకు నిషిద్ధములు. గృహస్థునకు దొరకు చేతి ఆయుధము సాధారణముగా .32 బోరుది. ఇచ్చటనే పెద్ద చిక్కు కలదు. .32 అను పేర రెండు వేఱు తూటాలు కలవు. ఒకటి రివాల్వరుది: పొడవైనది, అడుగున వెడల్పైన అంచు గలది, గుండు ఉత్త సీసము. రెండవది పిస్తోలుది: పొట్టిది, అంచు సన్ననిది, గుండుపై లోహపు తొడుగు గలది. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారపు రివాల్వరునకు మొదటిది, ఈశాపురమున తయారైన అశని పిస్తోలునకు రెండవది తగును. పిస్తోలు తూటా కొన్ని రివాల్వరుల అరలలో ఎట్లో దూరును; దూరినదని పేల్చరాదు. దాని ఒత్తిడి అధికము. లైసెన్సు పుస్తకమున “.32” అని మాత్రమే యుండినచో అంగడిలో ఆయుధమును చూపి, పెట్టెమీది పేరు చదివి, పిమ్మట కొనవలయును.

ఇక ఆత్మరక్షణకు ఏది, అభ్యాసమునకు ఏది? అమెరికాలో అభ్యాసమునకు తొడుగుగుండును, రక్షణకు మొన బోలుగా నుండి శరీరము తగిలినంతనే విచ్చుకొను గుండును వాడుదురు. విచ్చుకొనిన గుండు ఎదుటివానిని దాటిపోయి వెనుకవానికి తగులుట తక్కువ యని వారి తర్కము. 1986లో మయామీ నగరమున జరిగిన కాల్పుల పిమ్మట అచ్చటి కేంద్ర పోలీసు శాఖ, గుండు మాంసమును బోలిన జిగురుముద్దలో 12 అంగుళములకు తక్కువ గాక, 18 అంగుళములకు మించక దిగవలెనని కొలత పెట్టెను. విచ్చుకొను గుండ్లకు మన కలకత్తా సమీపమందలి దమ్‌దమ్ పేరే ప్రసిద్ధమైనది; వానిని యుద్ధములలో వాడరాదని 1899లో హేగు నగరమున రాజ్యములు ప్రకటించెను.

మన అంగళ్లలో అంత యెంపిక లేదు. దొరకునది ఎక్కువగా పూనా దగ్గరి ఖడ్కీ కర్మాగారపు గుండ్రని మొన గల తూటా. కావున మన యెంపిక గుండు ఆకారమున గాక, దాని నమ్మకమున నుండవలయును. పెట్టె క్రొత్తదా, టోపీ లోతుగా దిగియున్నదా, ఇత్తడి చిలుము పట్టినదా యని చూడుడు. మందు మరల నింపిన తూటాను ఎంత చౌకయైనను ముట్టవలదు. లైసెన్సు లేక తూటా చేయుట నేరము గూడ. అభ్యాసమునకు వేఱు రకమును వెదకక, ఇంటనున్న పాత తూటాలనే అనుమతి గల కాల్పుల మైదానమున ఏటేట కాల్చివేసి, క్రొత్తవానిని రక్షణకు ఉంచుట ఉత్తమము. చేయి ఎఱిగిన దెబ్బయే ఆపదలో అక్కరకు వచ్చును. లైసెన్సులో వ్రాసిన తూటాల సంఖ్య పరిమితము గావున, మిగిలిన అభ్యాసమును మందు లేని ఉత్తుత్తి తూటాలతో చేయవచ్చును.

మామిడితోపు కాల్పుల మైదానము కాదు. గుండు తప్పిన చెట్టు వెనుక ఎవరి గుడిసె యున్నదో! తాటాకు, రేకు, తడిక గోడలు గుండును ఆపలేవు. ఇంటిలో దొంగను కాల్చబోయిన గుండు ప్రక్కగదిలోని బిడ్డను చేరవచ్చును.

మీట నొక్కినను పేలనిచో వెంటనే తెఱవక, గొట్టమును నిరపాయమగు దిక్కునకు పట్టి అరనిమిషమైనను ఆగవలయును. ఆలస్యముగా పేలు తూటాలు కలవు. చప్పుడు బలహీనముగా వచ్చినచో కాల్చుట మానవలయును. గుండు గొట్టములోనే చిక్కియుండవచ్చును. దానిపై మఱియొకటి పేల్చిన గొట్టము పగులును.

కొల్లేటి గాలి తగులు ఊళ్లలో తేమ తూటాకు శత్రువు. తోలుపట్టీలో నెలల తరబడి ఉంచిన ఇత్తడి పచ్చబడును. పొడి డబ్బాలో, తుపాకికి వేఱుగా, తాళమువేసి, పిల్లల కంట బడకుండ ఉంచుడు. తాళముచెవి ఎచ్చట నున్నదో మనుమనికి తెలిసినచో ఆ తాళము లేనట్లే.

చట్టమును గూర్చి కొంచెము. 1959 ఆయుధముల చట్టము 13వ సెక్షను ప్రకారము ఆత్మరక్షణకు 20 అంగుళములకు తక్కువ కాని నున్నని గొట్టపు తుపాకియు, పంటరక్షణకు మూతినుండి మందు దట్టించు తుపాకియు సాధారణ మార్గములు. రివాల్వరునకు తగిన కారణమును అధికారికి చూపవలయును. 12 బోరు అనగా, ఆ గొట్టమున సరిపడు సీసపుగుండ్లు పన్నెండు కూడిన ఒక పౌను తూగునని అర్థము. దాని తూటాలలోను రెండున్నర అంగుళములవి, రెండుముప్పాతిక అంగుళములవి కలవు. పాత తుపాకిలో పొడవుది వేయరాదు. పంటను పాడుచేయు పందినైనను అటవీ అధికారి అనుమతి లేక చంపరాదు. కొల్లేటి పక్షుల మాట చెప్పనే అక్కఱలేదు. పెండ్లి ఊరేగింపులో ఆకాశమునకు పేల్చినవానికి 2019 సవరణ రెండేండ్ల వరకు చెరయో, లక్ష రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధించినది. ఆకాశమునకు పోయిన గుండు ఆకాశమున నిలువదు గదా!

ఆత్మరక్షణ హక్కును 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 34 మొదలు 44 వఱకు గల సెక్షనులలో చెప్పినది. అవసరమునకు మించిన హాని ఆ హక్కులో చేరదు. పాఱిపోవు దొంగ వీపున దిగిన గుండునకు ఇంటియజమాని న్యాయస్థానమున జవాబు చెప్పుకొనవలసివచ్చును.

కాబట్టి, పెద్దలారా, రేపు ఒక యువకుడు వచ్చి ఏ తుపాకి కొనవలెనని మిమ్ము అడిగినచో, ముందుగా నీకది నిజముగా కావలయునా యని అడుగుడు. మంచి కుక్క, గట్టి తలుపు, పిలిచిన పలుకు ఇరుగుపొరుగు ఉన్నచోట సగము భయము తీరును. అప్పటికిని కావలయునన్నచో, తూటా పెట్టెమీది పేరు చదువుట నేర్పి పంపుడు. సెలవు.