కరెంటు చికిత్సయు, కణ చికిత్సయు
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన బళ్ళారి ఇండ్లలో క్యాన్సరు పేరెత్తుటకే జంకుదురు. రేడియేషన్ చికిత్సను "కరెంటు పెట్టుట" యందురు. మేమెరిగిన ఒక ఇంట పెద్దమ్మగారికి వైద్యులు ఇరువదియైదు విడతలు చెప్పగా, చర్మము నల్లబడినదని పదునొకండవ విడతతోనే ఇంటికి తీసికొనివచ్చిరి. ఇట్టి భయము తొలగవలెనని ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మన రక్తమున టి-కణములను రక్షక కణములు గలవు. రోగి రక్తమునుండి వానిని వేరుచేసి, క్యాన్సరును గుర్తించు శక్తిని ప్రయోగశాలలో వానికి కల్పించి, వృద్ధిచేసి, మరల ఆ రోగికే ఎక్కింతురు. ఇదియే కార్-టి చికిత్స. బొంబాయి ఐ.ఐ.టి., టాటా మెమోరియల్ వారల కృషితో రూపొందిన "నెక్స్‌కార్-19" అను ఇట్టి చికిత్సకు 2023 అక్టోబరులో మన దేశమున అనుమతి లభించినది. అయితే అది కొన్ని రక్త క్యాన్సర్లకు మాత్రమే. గడ్డగా పెరిగిన క్యాన్సరులోనికి ఈ కణములు సులభముగా చొరజాలవు. చొచ్చినవియు త్వరలోనే నీరసించును.

ఇచ్చట రేడియేషన్ తోడ్పడునా? న్యూయార్కు నగరమందలి మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సరు కేంద్రమున శస్త్రవైద్యులైన అడుసుమిల్లి ప్రసాద్ గారు, సహచరులతో కలిసి, దీనినే పరిశోధించి 2023లో ఫలితములను ప్రకటించిరి. ఆ ఇంటిపేరు మనవారిదే యని వేరుగా చెప్పనక్కరలేదు. ఊపిరితిత్తుల క్యాన్సరు, ఊపిరితిత్తుల పొర క్యాన్సరు గల ఎలుకలలో ముందుగా గడ్డపై స్వల్ప మోతాదున కిరణములు ప్రసరింపజేసి, పిదప కణముల నెక్కించిరి. కిరణములు సోకిన గడ్డ రసాయన సంకేతములను ఎక్కువగా వెలువరించెను. ఆ పిలుపునందుకొని కణములు శీఘ్రముగా, అధికముగా లోనికి చేరినవి. దూరమందలి గడ్డలకును పోయి పనిచేసినవి. ఒకచోట కిరణములు సోకగా వేరొకచోట గుణము కనబడు వింతకు ఆర్. హెచ్. మోల్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు 1953లో, అనగా బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరిన ఏటనే, "ఆబ్‌స్కోపల్" అని పేరు పెట్టియుండెను.

కాని ఇవి ఎలుకలలో తేలిన ఫలితములు. మనుష్యులలో గడ్డ క్యాన్సర్లకు ఈ జంట చికిత్స ఇంకను పరీక్షాదశలోనే యున్నది. కావున దీనిని నేడే చేసెదమని సొమ్మడుగువారిని నమ్మి పొలములమ్ముకొనరాదు. ఇది వచ్చువరకు ఆగుదమని నేటి చికిత్సను వాయిదా వేయనురాదు.

మనవారు బెంగుళూరు కిద్వాయి సంస్థకును, హైదరాబాదు ఎం.ఎన్.జె. సంస్థకును పోవుచుందురు. చేతికిచ్చిన కాగితములు ఇంగ్లీషుననో కన్నడముననో యుండును. మన పెద్దలలో పెక్కురకు ఇంటి భాష తెలుగే. చదువనేర్చిన యువకులు రోగి ప్రక్కన కూర్చుండి, ఎన్ని విడతలు చేయించుకొనవలెనో, ఏ బాధ కలిగినపుడు వైద్యునికి చెప్పవలెనో తెలుగున విప్పి చెప్పవలెను. చర్మము నల్లబడినచో ఆ సంగతి వైద్యునికి తెలుపవలెను గాని, తమంతట తాము చికిత్స మానరాదు. ఇందుకు ముందుకు వచ్చు యువకులు తమ పేర్లను సంఘ కార్యదర్శికి ఈ వారమే తెలుపగలరని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము.