ఈఎస్ఐ ప్యానెల్ డాక్టరు

ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) డిస్పెన్సరీ లేని ఊళ్లలో కార్మిక కుటుంబాలకు వైద్యం చేసేందుకు పథకంలో చేరిన ప్రైవేటు వైద్యుడే ప్యానెల్ డాక్టరు. 1948 నాటి చట్టంతో వచ్చిన ఈ బీమా 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో మొదలైంది. జీతంలో కార్మికుడి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం.

ప్యానెల్ డాక్టరు సొంత క్లినిక్‌లోనే రోగులను చూస్తారు. ఫీజు రోగి ఇవ్వనక్కర్లేదు. నమోదైన కార్మికుల సంఖ్యను బట్టి ఏటా పథకమే డాక్టరుకు చెల్లిస్తుంది. జ్వరం, దగ్గు, చిన్న గాయాలకు అక్కడే మందులు దొరుకుతాయి. విశ్రాంతి అవసరమైతే డాక్టరు సర్టిఫికెట్ రాస్తారు. దానితో అర్హులైన కార్మికులకు ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం అందుతుంది. పెద్ద జబ్బయితే ఈఎస్ఐ ఆసుపత్రికి పంపుతారు. రెక్కాడితేగాని డొక్కాడని ఇంటికి ఇది గట్టి అండ.