తట్ట మోసినవారు



శతాబ్ది అనగానే మన చూపు గోపురములవైపు పోవును. మెదక్ దేవాలయమును ఎరుగని తెలుగు క్రైస్తవులు అరుదు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 170 అడుగులకు మించిన గోపురము. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. మా విద్యానగర్ నుండి క్రిస్మస్‌కు బస్సు కట్టించుకొని వెళ్లెడివారము. 2022లో మెదక్‌కు రైలు కూడ వచ్చినది. గోపురమును గూర్చి ఇతరులు చెప్పుదురు. మేము దాని క్రింద నిలిచినవారిని గూర్చి చెప్పదలచితిమి.

ఆ దేవాలయము కరవులో లేచినది. మొదటి ప్రపంచ యుద్ధపు రోజులలో ఆ ప్రాంతమున జనులు ఆకలితో అలమటించుచుండగా, చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు ఊరక గింజలు పంచక, పని కల్పించి అన్నము పెట్టిరి. రాయి మోసిరి, మట్టి మోసిరి. దొరగారి పేరు మనకందరికిని తెలియును. తట్ట మోసిన ఒక్క తల్లి పేరైనను మనలో ఎవరు చెప్పగలరు? ఆ తల్లికి అది ముందు పిల్లల బువ్వ, తరువాతనే దేవాలయము. అందులో అపచారమేమియు లేదు. దేవుడు బువ్వను తక్కువగా చూచువాడు కాడు.

అక్కడి రంగుటద్దముల కిటికీలు మూడు: ఆరోహణము 1927లో, జననము 1947లో, సిలువ 1958లో అమర్చిరి. రాత్రివేళ లోపల ఎన్ని దీపములు వెలిగించినను ఆ బొమ్మలు కనబడవు. బయటి వెలుతురు కావలెను. మన డాబాలమీద ఆరవేసిన దుప్పట్లపై పడు వెలుతురే అది! దానికి చందా లేదు.

ప్రభువు కూడ ఉపమానములకు బంగారము వెదకలేదు. ఆవగింజ, పులిసిన పిండి, పోయిన నాణెము కొరకు ఇల్లు ఊడ్చిన స్త్రీ. ఆమె చేతిలోని చీపురును గూర్చి ప్రసంగము వినిన జ్ఞాపకము మాకు లేదు. మన అమ్మమ్మలు ఎసరు పెట్టినప్పుడెల్ల పిడికెడు బియ్యము ప్రభువు కొరకు వేరు కుండలో వేసెడివారు. అదియు అట్టిదే.

ఇప్పుడు మా వీధులకు వత్తము. పాత ఇండ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టుచున్నారు. నెత్తిన చుట్టబట్ట సర్దుకొని, ఇసుక తట్ట ఎత్తుకొని, ఒక అక్క మూడవ అంతస్తు ఎక్కును. మెట్లక్రింద చీర ఉయ్యాలలో బిడ్డ నిద్రించుచుండును. దిగివచ్చినప్పుడెల్ల ఉయ్యాలను ఒక ఊపు ఊపి మరల తట్ట అందుకొనును. మెదక్‌లో మోసినవారు ఎట్లుండిరో తెలియగోరువారు అక్కడ కొంతసేపు నిలిచి చూడవచ్చును. ఒక చెంబు చల్లని నీళ్లు తీసికొనిపోయిన మరియు మంచిది.

ఈ శతాబ్దికి పాలరాతి ఫలకము వేయవలెనని సంఘములలో మాటలు నడచుచున్నవి. దాతల పేర్లు చెక్కించుడి, మేము కాదనము. అయితే గుడి ఊడ్చువారు, చాపలు పరచువారు, ప్రభు భోజనపు గిన్నెలు కడుగు తల్లులు ప్రతి సంఘములోను ఉన్నారు. వారి పేర్లు ఒక నోటు పుస్తకములోనైనను ఎక్కించుడి. వారు బ్రతికియుండగానే, ఇంటి పేరుతో సహా అడిగి వ్రాయుడి. ‘ఊడ్చే ఆయమ్మ’ అని మాత్రము వ్రాయకుడి.