చప్పట్లు ఎవరికి?

మేం ఆటల పిచ్చోళ్లం. ఆటల్ల రాజకీయం కలపొద్దంటరు. కలిపేది ఆటగాళ్లా? 1962 జకార్తా ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానియ్యలేదు. అది తప్పని మన దేశపు క్రీడాపెద్ద సోంధీ గొంతెత్తిండు. ఆ కోపం ఫుట్‌బాల్ ఫైనల్ల మన పిలగాండ్ల మీద పడ్డది. స్టేడియం నిండ గేలి. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, అప్పటికే ఒంట్లె క్యాన్సర్. అయినా దక్షిణ కొరియాను 2-1తో ఓడగొట్టిన్రు. మరుసటేడు ఆయన పోయిండు.

ఈ కథ చెప్పుకుంట జకార్తా జనాన్ని తిడ్తం మేము. మరి పాకిస్తాన్ ఆటగాడు సెంచరీ కొడితే మా చేతులెందుకు లేవయి? 1999 జనవరిల, చెన్నై టెస్టుల మనం 12 పరుగులతో ఓడినం. అక్కడి జనం లేచి నిలబడి పాకిస్తాన్ జట్టుకు చప్పట్లు కొట్టిన్రు. మేమా రోజు టీవీ బంద్ చేసినం.