చూరు కింద వరికుచ్చు

సంక్రాంతికి కొత్త పంట ఇంటికి రాగానే వరికంకుల్ని కుచ్చుగా అల్లి చూరుకు వేలాడదీయడం మన పల్లెల అలవాటు. పిచ్చుక ఆ కంకి పట్టుకుని ఊగుతూ గింజ ఒలుచుకుంటుంటే ఎంత ముచ్చటో!

ఈ చలికాలం మీరూ ఒక కుచ్చు కట్టండి, పిల్లికి అందని ఎత్తులో. నూకలు, కొర్రలు, సజ్జలు పళ్లెంలో పెడితే ఏ పూటకు సరిపడా ఆ పూటే వేయండి. మంచుకు తడిసి బూజు పట్టిన గింజలు, ఉప్పు కలిసిన మిక్చరు పిట్టలకు చేటు.

మురికి పళ్లెం రోగాలు పంచుతుంది. బ్రిటన్‌లో 2005 నుంచి గ్రీన్‌ఫించ్ పిట్టలు గొంతు జబ్బుతో పెద్దఎత్తున చనిపోయాయి. అందుకే మేత పళ్లెం, నీళ్ల మూకుడు రోజూ కడగండి. ఆపైన మీ చేతులూ కడుక్కోండి.