మతిమరుపు అనుకున్నది చక్కెర లోటు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. 36 ఏళ్లు ఫైళ్లు నడిపిన గుమాస్తాను. నాకు జరిగినదీ, ఆ తర్వాత డాక్టరుగారిని అడిగి, నాలుగు పుస్తకాలు చదివి తెలుసుకున్నదీ మీ ముందుంచుతాను.

2021లో ఒక ఏకాదశి నాడు ఉపవాసం ఉన్నాను. అలవాటు కొద్దీ పొద్దున్నే షుగరు మాత్ర మాత్రం వేసుకున్నాను. మధ్యాహ్నం మా అబ్బాయి బ్యాంకు కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. కలం పట్టుకున్నాను గాని, సర్వీసులో రోజుకు వందసార్లు పెట్టిన ఆ సంతకం ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. "నాన్నగారికి మతి పోతోందమ్మా, ఇక పెన్షను వ్యవహారం నేను చూసుకుంటాను" అని వాడు వాళ్లమ్మతో అనడం వినిపించింది. జవాబు చెబుదామంటే మాట రాలేదు. మా ఇంటావిడ మాత్రం, "పొద్దుటినుంచి ఆయన ఏమీ తినలేదు, ముందు మీటరు తీసుకురా" అంది. చూస్తే చక్కెర 48 ఉంది. పంచదార నీళ్లు తాగించారు. అరగంటకు సంతకం దానంతటదే వచ్చింది.

మన శరీరం బరువులో మెదడు 2 శాతమే. కాని విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తిలో సుమారు 20 శాతం దానిదే. అంత ఖర్చున్న ఆఫీసుకు సొంత నిల్వ దాదాపు లేదు. రక్తంలో వచ్చే గ్లూకోజే దాని రోజువారీ గ్రాంటు.

వయసు పైబడితే రక్తప్రసారం కొంత తగ్గుతుంది. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల పని మందగిస్తుంది. మెదడు వాడుకునే గ్లూకోజ్ కూడా కొంత తగ్గుతుంది. 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గ్లూకోజ్‌ను పోలిన పదార్థాన్ని మొదటిసారి మనుషులకిచ్చి, మెదడులో ఏ భాగం ఎంత వాడుకుంటోందో చిత్రం తీశారు. నేటి పెట్ స్కాన్లకు అదే దారి. అల్జీమర్స్ రోగుల్లో కొన్ని భాగాల్లో ఈ వాడకం మామూలు వృద్ధులకన్నా బాగా పడిపోతుందని ఆ స్కాన్లలో కనబడుతుంది. కాబట్టి పేరు కాస్త ఆలస్యంగా గుర్తురావడం వేరు, ఆ జబ్బు వేరు.

మరి ఉపవాసాలు మన పెద్దలూ చేశారు కదా అంటారు. నిజమే. తిండి లేనప్పుడు కాలేయం తన నిల్వలోంచి గ్లూకోజ్ ఇస్తుంది, ఆ తర్వాత కొవ్వునుంచి కీటోన్లు తయారుచేస్తుంది. మెదడు వాటితోనూ నడుస్తుంది. కాని ఇన్సులిన్ ఇంజెక్షనుగాని, ఇన్సులిన్‌ను పెంచే మాత్రగాని పడితే ఈ రెండు తలుపులూ మూసుకుంటాయి. నాకు జరిగింది అదే. పైగా మన వయసులో వణుకు, చెమట వంటి హెచ్చరికలు లేకుండానే నేరుగా తికమక రావచ్చు.

అందుచేత కుటుంబసభ్యులకు నా మనవి. పెద్దవాళ్లు ఉన్నట్టుండి తడబడితే చాదస్తమని తోసెయ్యకండి. షుగరు మందు వాడేవారైతే వెంటనే మీటరు చూడండి. 70కి తక్కువగా ఉండి, మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. తర్వాత భోజనం పెట్టండి. కొన్ని మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది గనుక డాక్టరుకు చెప్పండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చక్కెర సరిగానే ఉండి మాట తడబడినా, మూతి వంకరపోయినా అది పక్షవాతం కావచ్చు, క్షణం ఆగవద్దు.

నెమ్మదిగా వచ్చే మతిమరుపుకైనా బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించాకే వయసు మీద నెపం వెయ్యండి. ఫైలు చూడకుండా ఆర్డరు రాయడం మన సర్వీసులో ఎన్నడూ లేదు కదా!

ఇప్పుడు నేను ఏకాదశికి ముందు డాక్టరుగారిని అడుగుతున్నాను. పెన్షను లెక్క ఇంకా నేనే రాస్తున్నాను. మా అబ్బాయి సరిచూస్తున్నాడు, ఇంతవరకు తప్పు పట్టలేదు.